వాగు గట్టున ఖాళీ జీపు

ఆ పొద్దున వంటింటి కిటికీ తెరిస్తే వాసన రాలేదు. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా అప్పుడే. పాలగిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. మళ్లీ ఒకసారి గాలి పీల్చి చూశాను. తడి మట్టి, పక్కింటి కట్టెల పొయ్యి పొగ, కొట్టంలో పేడ. ఇంకేమీ లేదు.

వాసన రాకపోతే భయం దేనికని అడిగేవాళ్లు మా ఇస్నాపూర్‌లో కాపురం చేసి ఉండరు. ఇక్కడ వాసన ఇంట్లో మనిషి లాంటిది. మనకంటే ముందు లేస్తుంది, మనతో పాటు భోంచేస్తుంది, ఆరేసిన చీరల్లో దూరి పెళ్లిళ్లకు కూడా వస్తుంది. ఎక్కువ రోజులు కుళ్లిన కోడిగుడ్డు. కొన్ని రోజులు గోళ్లరంగు సీసా పగిలినట్టు ఉంటుంది, అది మా చిన్నాడికి ఇష్టం. కంపెనీలున్న పాశమైలారం నుంచి గాలి మళ్లితే చాలు, ఏ కంపెనీలో ఏ మందు వండుతున్నారో మా వీధి ఆడవాళ్లు చెప్పేస్తారు, పక్కింటి పోపు వాసన పట్టినంత సులువుగా. అలాంటి వాసన చెప్పా పెట్టకుండా మాయమైంది. పిల్లల తల్లికి ఇందులో తెలియనిది ఏముంది? పిల్లలు గోల చేస్తున్నంతసేపూ నిశ్చింతగా బియ్యం ఏరుకోవచ్చు. గోల ఆగిందంటే చేట అక్కడే పడేసి పరుగెత్తాలి.

మేం గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఆయన మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో షిఫ్టు కెమిస్టు. నేనూ కెమిస్ట్రీతోనే బీఎస్సీ చదివాను. ఆయన చదువు రియాక్టర్ల దగ్గరికి చేరింది, నాది కుక్కర్ దగ్గర ఆగింది. రెండు చోట్లా ఆవిరే కదా అంటారు ఆయన, ఓదార్పుగా. అమ్మాయి రెండో తరగతి. అబ్బాయి ఈ ఏడే పలక పట్టాడు.

మేం కిరాయికి ఉండే ఇల్లు ఈ ఊరి పాత రైతు కుటుంబానిది. వాళ్ల పొలంలో సగం కంపెనీలకు పోయింది, మిగతా సగం కంపెనీల నీళ్లకు పోయింది. మిగిలింది బర్రెలూ, మా కిరాయీ. ఇంటామెను కొత్తలో పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆమె అటూ ఇటూ చూసి, "ఎవల్ని పిలుస్తున్నవే బిడ్డా? ఈడ నేను తప్ప ఎవలు లేరు" అనేది. అప్పటి నుంచి ఆమె నాకు పెద్దమ్మ.

"ఏందే, కిటికీల మొకం వెట్టి గట్ల నిలవడ్డవ్?" పెద్దమ్మ వాకిట్లో బర్రె తాడు విప్పుతోంది.

"పెద్దమ్మా, ఇవాళ వాసన రావట్లేదు."

"రాదు. ఇయ్యాల జీపొస్తది గదా."

"ఏం జీపు?"

"నీల్లు పట్కపోయే సారు జీపు. కంపెనీలోల్లు వాగుల ఏం కలుపుతున్నరో సూడనీకి వస్తడు. మీ ఆయన జెప్పలే?" ఆమె నన్ను జాలిగా చూసింది. "గంత సదువు సదివినవ్. జీపు పండుగ గూడ ఎరికలేదు."

అప్పుడు తెలిసింది నాకు. మా ఊళ్లో క్యాలెండర్‌లో లేని పండుగ ఒకటుంది. వాగు నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లే అధికారి జీపు ఏ రోజు వస్తుందో కంపెనీలకు ముందు రోజే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడగకూడదు, పెళ్లికూతురికి పెళ్లి తేదీ ఎలా తెలిసిందని ఎవరైనా అడుగుతారా? ఒకవేళ ముందు రోజు తెలియకపోయినా, పటాన్‌చెరు దాటి జీపు మలుపు తిరగగానే రోడ్డు మీది ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీలన్నిటికీ ఫోన్లు మోగుతాయి. మురుగు గేట్లు మూతపడతాయి. కాలువ ఎండిపోయి కనిపిస్తే బాగుండదని బోరు మోటార్లు వేసి మంచినీళ్లు వదులుతారు. అలా ఏడాదిలో ఎప్పుడో ఒకసారి మా వాగు వాగులా పారుతుంది.

ఊరు ఊరుకుంటుందా? బతుకమ్మ పండుగ ముందు ఇళ్లు దులిపే రోజులు అవి. బొంతలు, గొంగళ్లు, పరుపుల గలేబులు, గోనెసంచులు, అన్నీ వాగుకు బయల్దేరాయి. బర్రెలు బయల్దేరాయి. దసరా సెలవులు కనుక పిల్లలందరూ బయల్దేరారు. మావాళ్లు పెద్దమ్మ కొంగు పట్టుకుని అప్పటికే వీధి మలుపులో ఉన్నారు. నేను దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని వెనకాల నడిచాను. భయస్థులకు కూడా ఉతకాల్సిన దుప్పట్లు ఉంటాయి.

వాగు గట్టు జాతరలా ఉంది. జీపు రానే వచ్చింది. తెల్లది, తలుపు మీద 'కాలుష్య నియంత్రణ మండలి' అని పెద్ద పెద్ద అక్షరాలు. అందులోంచి అధికారి దిగాడు. వెనకాల కారులోంచి మా ఆయన కంపెనీ మేనేజరు దిగాడు, చేతిలో కూల్‌డ్రింకుతో. అధికారి బూట్లు కొత్తవి. అవి తడవకూడదని నీళ్లు పట్టే తెల్ల క్యాను మేనేజరు అందుకుని, తన కంపెనీ మనిషికే ఇచ్చి వాగులోకి దింపాడు. దొంగ ఇల్లు సోదా చేయడానికి వచ్చిన పోలీసు, బీరువా తీసి చూపించమని దొంగనే అడిగినట్టు.

అంతకన్నా వింత ఇంకొకటి. ఆ మనిషి నీళ్లు ముంచబోతుంటే మా వీధి ఆడవాళ్లే అడ్డుపడ్డారు.

"ఆడ గాదు, ఆడ బర్రెలు దిగినయ్. గీడికి రా. గీడ మంచిగున్నయ్ నీల్లు."

"జెర లోపటికి వోయి ముంచు. సారు ఏమనుకుంటడు?"

ఇంటికొచ్చినవాళ్లకు పగిలిన గ్లాసులో నీళ్లివ్వడం ఈ ఊళ్లో ఎరగరు. తమకు విషం పోసేవాళ్ల మీద సాక్ష్యం ఇవ్వాల్సిన నీళ్లను కూడా వడగట్టి మరీ అందించారు. నేను ఏదో అనబోయాను. చుట్టాల ముందు ఇంటి గుట్టు చెప్పొద్దన్నట్టు పెద్దమ్మ నా మోచెయ్యి నొక్కింది.

అధికారి క్యాను ఎత్తి ఎండలో చూశాడు. "అద్దంలా ఉన్నాయి కదమ్మా నీళ్లు. కంప్లయింట్ ఎవరిచ్చారు?"

"మేమే ఇచ్చినం సారు," అంది పెద్దమ్మ. "మీరొచ్చిన్రని గిట్లున్నయ్. మీరు రానినాడు సూడుండ్రి, కండ్లు తిరుగుతయ్."

"నేను రాని రోజు నేనెలా చూస్తానమ్మా?"

"అయితె రోజు రాండ్రి."

"రోజూ వస్తే డీజిల్ ఎవరు పోస్తారు?"

పెద్దమ్మ జీపు వైపు చూసింది. "అయితె మీరు పోండ్రి సారు. జీపు ఇడిసిపెట్టుండ్రి."

గట్టు గట్టంతా నవ్వింది. అధికారి నవ్వాడు. అందరికంటే గట్టిగా మేనేజరు నవ్వాడు, కూల్‌డ్రింకు పొలమారేంత. నేను మాత్రం నవ్వలేకపోయాను. కాలేజీలో ప్రయోగాల రికార్డులు రాసిన రోజుల నుంచి ఇప్పటిదాకా నేను విన్న సూచనల్లో అంత పనికొచ్చేది మరొకటి లేదు.

జీపు వెళ్లిపోయింది. ఆడవాళ్లు మళ్లీ బండల మీద బొంతలు బాదుతున్నారు. నాలో అనుమానపు పురుగు మాత్రం ఆగలేదు.

"పెద్దమ్మా, గేట్లు మూశారు సరే. ఆ ఆపిందంతా ఎక్కడ పెడతారు?"

"గుంతలున్నయ్ గదా కంపెనీలల్ల."

"అవి నిండితే?"

"నిండితె ఇడుస్తరు. గని దీపాలు వెట్టినంకనే ఇడుస్తరు బిడ్డా. పట్టపగలు ఇడువరు. గంత సిగ్గు లేనోల్లు గాదు."

వాళ్లకు సిగ్గుంటుందని ఆమె నమ్మకం. ఊరందరి నమ్మకమూ అదే. కంపెనీకీ ఊరికీ మధ్య ఎవరూ రాసుకోని ఒప్పందం అది. జీపు రోజు పొద్దుగూకే దాకా వాగు ఊరిది. దీపాలు పెట్టాక కంపెనీలది. నాకు ఆ ఒప్పందం మీద నమ్మకం కలగలేదు. అలాగని తడి దుప్పట్లు వదిలేసి, ఏడాదికోసారి నీళ్లలో ఆడుతున్న పిల్లల్ని లాక్కుపోయే ధైర్యమూ చాలలేదు. పిల్లల్ని చూస్తూ ఉతుకుతున్నాను. చిన్నాడు గట్టు మీద ఇసుకతో గూళ్లు కడుతున్నాడు. అమ్మాయి మోకాళ్ల లోతులో నిలబడి రాళ్లతో ఆనకట్ట వేస్తోంది.

"అమ్మా, వాసనొచ్చింది!" అని అరిచాడు చిన్నాడు, సంతోషంగా. గోళ్లరంగు వాసన. వాడికి ఇష్టమైనది.

ఎండ నడినెత్తిన ఉంది. దీపాలు పెట్టే వేళకు ఇంకా చాలా పొద్దుంది. నేను తలెత్తేసరికి పై మలుపులో తెల్లగా నురగ, పొయ్యి మీద పాలు పొంగినట్టు, గట్లు రెండూ ఒరుసుకుంటూ వస్తోంది. దుప్పటి వదిలేసి నీళ్లలోకి దూకాను. అమ్మాయి రెక్క పట్టుకుని ఈడ్చాను. ఈడ్చేలోపే నురగ దాని కాళ్లను చుట్టుకుంది.

"మంట! అమ్మా, మంట!"

ఎత్తుకుని పరుగెత్తాను. వెనకాల బర్రెల అరుపులు, ఆడవాళ్ల తిట్లు, వాగు నిండా తేలిపోతున్న బొంతలు. ఇలాంటి వాటికి ఎక్కువ నీళ్లతో కడగాలన్నది నాకు చదువు నేర్పింది. మంచినీళ్లు ఎక్కడున్నాయో చదువు నేర్పలేదు. మా బోరు నీళ్లు పసుపచ్చగా వస్తాయి. ఊరి మధ్యలో కంపెనీవాళ్లు దానంగా పంపే తాగునీటి ట్యాంకరు నిలబడి ఉంది, ఒంటి మీద 'ప్రజాసేవలో' అని రాయించుకుని. దాని కుళాయి కింద అమ్మాయి కాళ్లు పెట్టి, అది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేదాకా కడిగాను. కాల్చిందీ వాళ్లే, కడగడానికి నీళ్లిచ్చిందీ వాళ్లే. ఇంకేం కావాలి మనకు?

పటాన్‌చెరులో డాక్టరు దాని కాళ్లు చూశాడు. మోకాళ్ల కింద చర్మం ఎర్రగా కమిలి, మడమల దగ్గర బొబ్బలెక్కింది. ఆయన కొన్ని కంపెనీలకు కూడా డాక్టరు. అందుకని ప్రశ్నలు జాగ్రత్తగా వేశాడు.

"ఈమధ్య సబ్బు ఏమైనా మార్చారా?"

"వాగులో కాలిందండీ."

"వాగులోకి ఎందుకు దిగనిచ్చారు?" అని కోప్పడి, పూతమందు రాశాడు. ఆ పూతమందు ముడిసరుకు బహుశా మావాళ్లే వండి ఉంటారు.

సాయంత్రం మా వీధిలో పంచాయితీ జరిగింది. నేను అనుకున్న పంచాయితీ కాదు. విషం ఎందుకు వదిలారని ఎవరూ అడగలేదు. పట్టపగలు ఎందుకు వదిలారన్నదే అందరి కోపం.

"ఆడోల్లున్నరు, పోరగాండ్లున్నరు, జెర సూస్కోవద్దా?"

"ఎన్నేండ్ల సంది సూస్తున్నం. గింత మర్యాద తప్పలే ఎప్పుడు."

మా ఆయన షిఫ్టు దిగి వచ్చారు. అమ్మాయి కాళ్లు చూసి అక్కడే చతికిలబడ్డారు. తర్వాత అన్నారు, "మా గేటు కాదే. పక్కవాళ్లది."

పక్క కంపెనీలో పనిచేసే కెమిస్టు కూడా ఆ సాయంత్రం వాళ్ల ఇంట్లో ఇదే మాట చెప్పి ఉంటాడు. ఆ వాగులోకి ఇన్ని గేట్లున్నాయి, ఏ ఒక్కటీ ఎవరి గేటూ కాదు.

"మరి మీ మురుగు శుద్ధి చేసే యూనిట్ ఒకటి ఉందిగా? ప్రారంభోత్సవానికి మాకు లడ్డూలు కూడా పంపారు."

"ఉంది. కరెంటు ఖర్చని నడపరు."

"ఒక్క సాయం చేయండి. గేటు ఎత్తే ముందు నాకు చెప్పండి. పిల్లల్ని లోపల పెట్టుకుంటాను."

"నేను చెప్పానని తెలిస్తే ఉద్యోగం ఉండదే," అన్నారు ఆయన నేల చూస్తూ. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ జీతంతోనే పూతమందు కొన్నాం. అందుకే నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మర్నాడు పెద్దమ్మ చిక్కుడుకాయల గంప తెచ్చి మా గడప మీద కూర్చుంది. అమ్మాయి కాళ్ల వైపు చూడకుండా ఈనెలు తీస్తూ మొదలుపెట్టింది.

"నేనొక మాటంట. నవ్వొద్దు."

"నవ్వను పెద్దమ్మా."

"ఆ సారు జీపు ఇడిసిపెట్టలే. పోనీ. మా అల్లుని జీపున్నది గదా."

పెద్దమ్మ అల్లుడికి సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య మనుషుల్ని కుక్కి తిప్పే తెల్ల జీపు ఒకటి ఉండేది. ఇంజను పట్టేసి వేపచెట్టు కింద పడి ఉంది. కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి.

"అది నడవదుగా?"

"నడవాల్నని ఎవలన్నరు? ఆ సారు జీపు మాత్రం ఏం జేసింది? వాగు కాడ నిలవడ్డది, అంతే గదా. నిలవడితెనే గేట్లు మూసిన్రు."

నవ్వనని మాటిచ్చాను కనుక పెదవి కొరుక్కున్నాను. ట్రాక్టరుతో లాగించి జీపును కల్వర్టు పక్కన నిలబెట్టారు. కోళ్లను దింపారు. ఒక పెట్ట మాత్రం దిగనని భీష్మించింది, వదిలేశారు. తలుపు మీద అక్షరాలు కావాలంది పెద్దమ్మ. సర్కారు పేరు రాస్తే కేసవుతుందని నాకు వణుకు. చివరికి అట్టముక్క మీద 'పరీక్ష' అని ఒక్క మాట రాసి కట్టాను. ఎవరి పరీక్షో, దేని పరీక్షో రాయలేదు.

మాట అబద్ధం కాకూడదని పరీక్ష కూడా మొదలుపెట్టాను. పాత పంచె చింపి పీలికలు పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టాను. క్షారం ఉన్న నీళ్లు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, సబ్బు తగిలిన పసుపు మరకలాగే. కాళ్లు కాల్చింది అలాంటి నీళ్లేనని నా అనుమానం. వాగులో, కాలువ కలిసే చోట, మా బోరు నీళ్లలో ముంచి చూశాం. మొదటి రోజు కాలువ దగ్గర పీలిక ముంచగానే కుంకుమ రంగుకు తిరిగింది.

"అవ్వో! పసుపుకుంకాలు ఆల్లే పెడుతున్నరు గదా!" అని బుగ్గన వేలేసుకుంది పెద్దమ్మ. "మర్యాద జేస్తున్నరే మనకు."

వంతులవారీగా ఇద్దరేసి ఆడవాళ్లం తెల్ల క్యాన్లు పట్టుకుని జీపు నీడలో కూర్చునేవాళ్లం. కంపెనీ వాచ్‌మన్లు దూరం నుంచి చూసి వెళ్లేవాళ్లు.

ఎస్టీడీ బూత్ అతనికి మతి పోయిందట. తన కళ్ల ముందు నుంచి ఏ జీపూ వెళ్లలేదు, కబురూ రాలేదు, అయినా జీపు వచ్చి కూర్చుంది. కంపెనీలవాళ్లు దాన్ని తమ పద్ధతిలో అర్థం చేసుకున్నారు. ముందుగా కబురు రాలేదంటే ఇది మామూలు తనిఖీ కాదు, నిజమైనది. ఢిల్లీది అని ఒకరన్నారు. లంచానికి ఎవరినీ పిలవకపోవడం చూసి, ఢిల్లీ కన్నా పైదని ఇంకొకరు అన్నారు.

గేట్లు మూతపడ్డాయి. వాసన పోయింది. ఈసారి పోయిన వాసన రెండో రోజుకూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. మూసినవి తెరవకుండా ఎన్నాళ్లు ఆపుతారు? పిల్లల్ని వాకిలి దాటనివ్వలేదు.

ఒక సాయంత్రం మా ఆయన నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో వచ్చారు. "వాగు దగ్గర ఏదో జీపు ఉందట. గేటు ఎత్తొద్దన్నారు. గుంట నిండి పొర్లుతోంది. వేరే దారి లేక శుద్ధి యూనిట్ నడపమన్నారు."

"నడిచిందా?"

"ప్రారంభోత్సవం దండ స్విచ్‌బోర్డు మీద ఎండిపోయి ఇంకా ఉంది. మోటార్లో పిచ్చుకలు గూడు పెట్టాయి, తీసి గోడ మీద పెట్టాం. నొక్కితే నడిచింది! అందరం చప్పట్లు కొట్టాం." ఆయన గొంతులో గర్వం దాగలేదు. "పక్కవాళ్లూ నడుపుతున్నారట. నీళ్లు ఎంత బాగా వస్తున్నాయో తెలుసా?"

అంటే ఇన్నేళ్లూ అవి నడవగలవు. వాటికి తక్కువైనది ఒక్క చెడిపోయిన జీపు. నేను అన్నం వడ్డించాను. ఆయన రెండు ముద్దలు తిని ఆగారు.

"స్కూటర్ మీద వస్తూ ఆ జీపు చూశాను. ఆ అట్ట మీద 'క్ష' కింద తోక అలా మెలితిప్పేది నా ఎరుకలో ఒక్కరే. పెళ్లికి ముందు రాసిన ఉత్తరాల నిండా ఆ తోకలే."

కిరాయి, బడి ఫీజులు, ఊళ్లో అత్తగారికి పంపే డబ్బు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆయన అమ్మాయి కాళ్ల వైపు చూశారు. పూతమందు తెల్లగా మెరుస్తోంది.

"వెనక టైర్లో గాలి లేదు," అన్నారు. "ఎవరికైనా అనుమానం వస్తుంది. గాలి కొట్టించమని చెప్పు. రేపు మా మేనేజరు వస్తాడట చూడటానికి."

మా కాపురంలో ఆయన నాతో ఆడిన ప్రేమ మాటలు లెక్కపెడితే, గాలి మాటే ముందు నిలుస్తుంది.

మేనేజరు కూల్‌డ్రింకుల పెట్టె, పళ్ల బుట్ట పట్టించుకుని వచ్చాడు. నేను కల్వర్టు అవతల తాటిచెట్టు చాటున ఉన్నాను. ముందు సీట్లో పెద్దమ్మ, ఆమె పక్కన పెట్ట.

"సారు ఏరమ్మా?"

"నీల్లకు వోయిండు."

"ఎప్పుడొస్తారు?"

"ఎప్పుడన్న రావొచ్చు. చెప్పి వచ్చే సారు గాదు."

మేనేజరు పెట్ట వైపు చూశాడు. పెద్దమ్మ దాని వీపు నిమిరింది. "సారుదే. నాటుకోడి అంటె పాణం." అతను పెట్టె, బుట్ట అక్కడే దించి, నమస్కారం పెట్టి వెళ్లాడు. నమస్కారం పెద్దమ్మకో పెట్టకో మాకు ఇప్పటికీ తేలలేదు. కూల్‌డ్రింకులు వీధి పిల్లలు తాగారు.

ఆ ఏడు బతుకమ్మలు నురగ లేని నీళ్లలో తేలాయి. తంగేడు పూలు పసుపుగానే మునిగాయి. పాటకూ పాటకూ మధ్య పెద్దమ్మ నా చెవిలో, "మా అల్లునికి జెప్పాలె, బండి బాగు సేయించకు అని" అంది.

ఆ మాటకు దిష్టి తగిలినట్టుంది. పండుగ అయిన కొన్నాళ్లకు అసలు జీపు వచ్చింది. కంపెనీలవాళ్లు మొరపెట్టుకున్నారట, ఒక జీపు మర్యాదలకే అలవాటు పడ్డాం, రెండో జీపును భరించలేం అని. అధికారి బూట్లు ఈసారి బురదయ్యాయి. వాగు వైపు చూడనేలేదు, నేరుగా మా జీపు దగ్గరికి వచ్చాడు.

"ఎవరిదిది? ప్రభుత్వ వాహనమని జనాన్ని మోసం చేస్తారా? ఇది నేరం, తెలుసా?"

"మేమేం రాసినం సారు? పరీక్ష అని రాసినం, పరీక్ష జేస్తున్నం," అంది పెద్దమ్మ. "మీరేమో మీ జీపు మీద నియంత్రణ అని రాసుకున్నరు. మోసం ఎవలు జేసిన్రు?"

గట్టు మీద ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ముందుకు వెళ్లి పీలికలు చూపించాను, గేట్లు మూసిన రోజులవి పచ్చగా, అంతకు ముందువి ఎర్రగా. మా అమ్మాయి కాళ్ల సంగతి చెప్పాను. అధికారి పీలికను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు, ఎక్కడ మరకవుతుందోనని.

"నిబంధనల్లో పసుపు లేదమ్మా," అన్నాడు.

కంపెనీ క్రేను వచ్చింది. జీపును గాల్లోకి లేపారు. పెట్ట అప్పుడు దిగింది, రెక్కలు కొట్టుకుంటూ, ఊరంతా వినిపించేలా తిడుతూ. ఇన్నేళ్లలో ఆ ఆఫీసువాళ్లు మా వాగు నుంచి తీయించిన మాలిన్యం ఏదైనా ఉందంటే అదొక్కటే. చాలా శుభ్రంగా తీశారు, ఒక్క నట్టు కూడా మిగల్చలేదు.

పొద్దుగూకేసరికి వాసన తిరిగొచ్చింది. మా ఆయన వచ్చి చెప్పారు, యూనిట్ ఆపేశారట. పిచ్చుకల గూడు గోడ మీంచి తీసి మళ్లీ మోటార్లో పెట్టింది ఆయనే. దాని చోటు దానికి దక్కింది పాపం, అన్నారు. తర్వాత అన్నం కలుపుతూ, "మేనేజరు పిలిచాడు. మీ ఇల్లు ఇస్నాపూర్‌లోనే కదా అని అడిగాడు" అన్నారు.

"మీరేమన్నారు?"

"అవునన్నాను. కాసేపు నా మొహం చూసి, సరే వెళ్లు అన్నాడు."

అంతే జరిగింది. ఆ చూపు ఇంకా మా ఇంట్లోనే తిరుగుతోంది. అందుకే అందరూ పడుకున్నాక ఇలా కూర్చుని రాసుకుంటున్నాను.

ఆ మర్నాడు పొద్దున పిల్లలకు తలలు దువ్వి, బూట్లు తొడిగి, అమ్మాయి మేజోళ్లు మచ్చల మీదికి లాగి వాకిట్లో నిలబెట్టాను.

"వాసన వస్తోందా?" అని అడిగాను.

ఇద్దరూ ముక్కులు ఎగబీల్చారు. "వస్తోంది. కోడిగుడ్డు," అంది అమ్మాయి.

"అయితే భయం లేదు, బడికి వెళ్లండి. వాసన రాని రోజు మాత్రం వాగు దరిదాపులకు పోవద్దు. ఎవరు పిలిచినా సరే, నీళ్లు ఎంత తేటగా ఉన్నా సరే."

"జీపు వస్తేనో?" అన్నాడు చిన్నాడు.

కోడిపెట్ట కూర్చున్న జీపైతే వెళ్లి ఆడుకోమన్నాను. తలుపు మీద అక్షరాలున్న జీపైతే మాత్రం, చెప్పులు అక్కడే వదిలేసైనా సరే, పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేయమన్నాను.